రాత్రి బస్సు దిగి నేరుగా ఇంటర్వ్యూకా?

ప్లేస్‌మెంట్ల సీజన్ వచ్చిందంటే మియాపూర్, లక్డీకాపూల్, ఎల్బీ నగర్‌లలో తెల్లవారుజామున ఒక దృశ్యం కనిపిస్తుంది. విజయవాడ నుంచో, కర్నూలు నుంచో, రాజమండ్రి నుంచో వచ్చిన బస్సులు దిగిన అబ్బాయిలు, అమ్మాయిలు ముఖం కడుక్కోవడానికి చోటు వెతుక్కుంటూ ఉంటారు. వీపున బ్యాగు, చేతిలో సర్టిఫికెట్ల ఫైలు, కవర్లో ఇస్త్రీ చేసిన చొక్కా. ఎనిమిదికల్లా ఏదో కాలేజీ గేటు ముందు ఆఫ్ క్యాంపస్ డ్రైవ్ లైన్లో ఉండాలి. రాత పరీక్ష మొదలయ్యేది పదకొండింటికి. టెక్నికల్ రౌండ్ మధ్యాహ్నం మూడింటికి. హెచ్‌ఆర్ రౌండ్ పిలుపు వచ్చేసరికి చీకటి పడుతుంది.

నేనూ ఆ లైన్లో నిలబడ్డవాణ్నే. ఒకసారి టెక్నికల్ రౌండ్‌లో "మీ ఫైనలియర్ ప్రాజెక్టులో డేటాబేస్ ఎలా డిజైన్ చేశారు?" అని అడిగారు. మా టీమ్‌లో ఆ పని చేసింది నేనే. ఉన్నవి నాలుగంటే నాలుగు టేబుళ్లు. ఒక్కదాని పేరూ గుర్తురాలేదు. నోరు పిడచకట్టుకుపోయింది, అరచేతులు తడిసిపోయాయి. బయటికొచ్చి లిఫ్ట్ దగ్గర నిలబడ్డానో లేదో, నాలుగూ వరసగా గుర్తొచ్చాయి! ఇంటికెళ్లి చెబితే మా అమ్మ "నరాల బలహీనతేమోరా" అని బి కాంప్లెక్స్ మాత్రల షీటు చేతిలో పెట్టింది.

ఈ నరాల బలహీనత అనే మాట మన ఇళ్లలో దేనికైనా సరిపోతుంది. చెయ్యి వణికినా అదే, నిద్ర పట్టకపోయినా అదే. గోడల మీద ప్రకటనలు కూడా అదే చెబుతాయి కాబట్టి అమ్మని అని లాభం లేదు. నిజంగా విటమిన్ బి12 లోపం ఉంటే నరాలు దెబ్బతింటాయి, కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కుతాయి. అది రక్త పరీక్షలో తేలుతుంది, డాక్టర్ దానికి మందు ఇస్తారు. ఇంటర్వ్యూ గదిలో చెయ్యి వణకడం వేరే సంగతి. అక్కడ నరాలు బలహీనపడలేదు. చేయాల్సిన దానికన్నా ఎక్కువే చేశాయి.

గుండె కొట్టుకోవడం, ఊపిరి, జీర్ణం లాంటి పనుల్ని మనం చెప్పకుండానే నడిపే నాడీ వ్యవస్థలో ప్రధానంగా రెండు విభాగాలున్నాయి. సింపథెటిక్ విభాగం బండికి యాక్సిలరేటర్ లాంటిది, పారాసింపథెటిక్ విభాగం బ్రేకు లాంటిది. ప్రమాదం ఎదురైతే యాక్సిలరేటర్ ఒక్కసారిగా కిందికి పోతుంది. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తం పొట్ట నుంచి కండరాలకు మళ్లుతుంది, లాలాజలం తగ్గుతుంది, అరచేతులకు చెమట పడుతుంది. హార్వర్డ్‌లో పనిచేసిన వాల్టర్ కానన్ ఈ స్పందన గురించి 1915లోనే పుస్తకం రాశాడు. పోరాడటానికో పారిపోవడానికో శరీరం సిద్ధమవుతుందన్నది ఆయన చెప్పిన సంగతి. అర్ధరాత్రి సందులో వీధికుక్కలు వెంటపడితే ఇదంతా పనికొస్తుంది. టేబుల్‌కి అవతల కూర్చున్న ఇద్దరు ఇంజినీర్ల ముందు మాత్రం పారిపోవడానికీ లేదు, పోరాడటానికీ లేదు.

అసలు చిక్కు ఇంకొకటుంది. మాటల్ని వరసలో పెట్టడం, రెండు మూడు విషయాల్ని ఒకేసారి మనసులో ఉంచుకోవడం లాంటి పనులు మెదడులో నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ చూసుకుంటుంది. ఒత్తిడిలో విడుదలయ్యే రసాయనాలు మొదట తడబడేలా చేసేది ఆ భాగాన్నే. దానికి తోడు కార్టిసాల్. 2000లో అచ్చయిన ఒక స్విట్జర్లాండ్ పరిశోధనలో ఆరోగ్యవంతుల చేత కొన్ని పదాలు కంఠస్థం చేయించారు. మర్నాడు వాటిని అడిగే ముందు, శరీరంలో కార్టిసాల్‌గా మారే మాత్ర ఇచ్చారు. మాత్ర వేసుకున్నప్పుడు వాళ్లకు గుర్తొచ్చిన పదాలు తగ్గాయి. మన భాషలో చెప్పాలంటే డేటా డిలీట్ కాలేదు, సర్వర్ టైమ్‌అవుట్ అయింది. లిఫ్ట్ దగ్గర నాలుగు టేబుళ్లూ గుర్తురావడానికి కారణం అదే. ఈ సంగతి ఆ రోజే తెలిసుంటే "నేను దేనికీ పనికిరాను" అనుకుంటూ ఒక నెల వృథా చేసుకునేవాణ్ని కాదు.

ఒత్తిడి తలలోనే ఆగిపోతుందనుకుంటే పొరపాటు. దంతవైద్య విద్యార్థుల మీద అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జరిగిన ఒక ప్రయోగాన్ని నేను చాలామందికి చెబుతుంటాను. 1998లో అచ్చయింది. 11 మంది విద్యార్థుల అంగిట్లో 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేశారు, వాళ్ల అనుమతితోనే లెండి. ఒకసారి వేసవి సెలవుల్లో, రెండోసారి పెద్ద పరీక్షకు మూడు రోజుల ముందు. అదే మనిషి, అదే నోరు, అంతే గాయం. పరీక్షల సమయంలో ఆ గాయం మానడానికి సగటున మూడు రోజులు ఎక్కువ పట్టింది, అంటే దాదాపు 40 శాతం ఆలస్యం. ఒక్కరంటే ఒక్కరికి కూడా పరీక్షల్లో సెలవుల్లో మానినంత త్వరగా మానలేదు. కాలేజీలో చదివేవాడికి పరీక్ష మామూలే కదా అంటాం. శరీరం మాత్రం దాన్ని మామూలుగా తీసుకోవడం లేదు. రోగనిరోధక కణాలకు మరమ్మతు పని అప్పగించాల్సిన సమయంలో కార్టిసాల్ వాటిని వెనక్కి లాగుతోంది.

సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన వారానికే హాస్టల్లో సగం మందికి జలుబు, జ్వరం ఎందుకొస్తాయని మీరెప్పుడైనా ఆలోచించారా? మెస్ తిండినో, ట్యాంకు నీళ్లనో తిట్టుకుంటాం. వాటి పాత్ర ఉంటే ఉండొచ్చు. కానీ నిద్రనీ ఆ జాబితాలో రాసుకోవాలి. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు 153 మంది వలంటీర్ల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూశారు. అంతకుముందు రెండు వారాలు సగటున ఏడు గంటలకన్నా తక్కువ పడుకున్నవాళ్లకు జలుబు చేసే అవకాశం, ఎనిమిది గంటలో అంతకన్నా ఎక్కువో పడుకున్నవాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లుంది. 2009 నాటి ఫలితమిది.

ఇక మన బస్సు దగ్గరికి వద్దాం. ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లో ఒక లెక్క తేల్చారు. 17 గంటలు నిద్రలేకుండా ఉన్న మనిషి కన్నూ చెయ్యీ కలిపి చేసే పనిలో ఎంత వెనకబడతాడంటే, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానం. 24 గంటలయ్యేసరికి అది 0.10 శాతానికి సమానమవుతుంది. మన మోటారు వాహనాల చట్టంలో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. నిన్న ఉదయం ఏడింటికి లేచి, రాత్రి బస్సులో మెడ వాల్చి రెండు గంటలు కునుకు తీసి, ఈ రోజు మూడింటికి టెక్నికల్ రౌండ్‌లో కూర్చున్న కుర్రాడి సంగతి మీరే ఆలోచించండి. తాగి వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. నిద్రలేకుండా వస్తే "కమ్యూనికేషన్ స్కిల్స్ తక్కువ" అని రాసి పంపిస్తారు.

టీ తాగితే సరిపోదా అంటారు. దీని వెనక మనవాడి కథ ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, మెట్రిక్ మూడోసారికి పాసైన మనిషి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ 1929లో ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని గుర్తించాడు. కణాలకు శక్తినిచ్చే కరెన్సీ అది. ఏటీపీలో మొదటి అక్షరం అడినోసిన్‌ది. మెదడు పనిచేస్తున్నకొద్దీ ఆ అడినోసిన్ పేరుకుంటుంది, "ఇక పడుకో" అనే సంకేతం అవుతుంది. కాఫీ, టీల్లోని కెఫీన్ ఆ సంకేతాన్ని అందుకునే చోట్లలో వెళ్లి కూర్చుంటుంది, అంతే. అడినోసిన్ ఎక్కడికీ పోలేదు. పెట్రోలు అయిపోతే ఎర్రలైటు మీద స్టిక్కర్ అంటించినట్టు. పైగా ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన రెండు ఇరానీ చాయ్‌లు రాత్రి పదకొండింటికి కూడా సగం డ్యూటీలో ఉంటాయి.

నైట్‌అవుట్ చేసి చదివింది నిలవదని మన పెద్దలూ అన్నారు, మనం వినలేదు. 1924లో కార్నెల్‌లో జెంకిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థుల చేత అర్థంలేని అక్షరాల జాబితాలు బట్టీ పట్టించారు. ఎనిమిది గంటలు నిద్రపోయాక గుర్తున్నవి, ఎనిమిది గంటలు మెలకువగా తిరిగాక గుర్తున్నవాటికన్నా చాలా ఎక్కువ. ఇద్దరి మీద చేసిన ప్రయోగమేంటి అనొచ్చు, నిజమే. కానీ తర్వాతి వందేళ్లలో వచ్చిన పరిశోధనలు చాలావరకు అటువైపే నడిచాయి. పగలు నేర్చుకున్నదాన్ని మెదడు రాత్రి నిద్రలో మళ్లీ తిరగేసి స్థిరపరుచుకుంటుంది. చదివి పడుకోకపోవడమంటే ఫైలు టైప్ చేసి సేవ్ కొట్టకుండా సిస్టమ్ ఆపేయడమే.

ఇక్కడ నా కోపం విద్యార్థుల మీద కాదు. "రోజుకి నాలుగు గంటలే పడుకున్నా" అని ర్యాంకర్ చెబితే దాన్నే హెడ్డింగ్ పెట్టే మీడియా మీద, అందులో మా బ్లాగర్లూ ఉన్నారు. రాత్రి తొమ్మిది దాకా సీఆర్‌టీ క్లాసులు పెట్టి, పొద్దున్న ఎనిమిదికి హాజరు తీసుకునే కాలేజీల మీద. వెయ్యి మందిని ఒకే టైముకి పిలిచి, మూడు వందల మందిని సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చోబెట్టే కంపెనీల మీద. ఆన్‌లైన్‌లో స్లాట్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ రాసి ప్రపంచానికి అమ్మేవాళ్లకి, తమ డ్రైవ్‌కి వచ్చేవాళ్లకి ఒక స్లాట్ ఇవ్వడం ఇంత కష్టమా? రాత పరీక్ష ముందే ఆన్‌లైన్‌లో పెట్టి, నిలిచినవాళ్లనే పిలిస్తే సగం బస్సులు అక్కర్లేదు. కొన్ని కంపెనీలు ఇప్పటికే అలా చేస్తున్నాయి. మిగతావాళ్లని అడగాల్సింది కాలేజీల ప్లేస్‌మెంట్ ఆఫీసర్లు. విద్యార్థి అడిగితే వినరు, వాళ్లు అడిగితే వింటారు.

"అన్నా, ముందురోజే వెళ్లి లాడ్జిలో దిగడానికి డబ్బులెక్కడివి?" అని ఒక జూనియర్ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. రాత్రిపూట ఫుడ్ డెలివరీ చేస్తూ చదివేవాళ్లున్నారు, ఒక గదిలో ఎనిమిది మంది పడుకునే పీజీలున్నాయి. వాళ్లకి "ఎనిమిది గంటలు హాయిగా నిద్రపో" అని చెప్పడం ఎగతాళిలా ఉంటుంది. అయినా మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చదివే పద్ధతి. నోట్సు పదిసార్లు తిరగేయడం కాకుండా, పుస్తకం మూసి గుర్తుచేసుకోవడం, బయటికి చెప్పడం. టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్లు 2016లో 120 మందితో ఇది పరీక్షించారు. కొందరు పదాల్నీ బొమ్మల్నీ మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తుచేసుకునే సాధన చేశారు. మర్నాడు వాళ్లలో కొందరి చేత జనం ముందు అప్పటికప్పుడు ప్రసంగం ఇప్పించి, లెక్కలు చేయించి ఒత్తిడి పెట్టారు. చదివినవాళ్ల జ్ఞాపకం దెబ్బతింది, గుర్తుచేసుకునే సాధన చేసినవాళ్లది తట్టుకుంది. కాబట్టి మీ ప్రాజెక్టుని రూమ్మేట్‌కి చెప్పండి. వాడు వినకపోతే గోడకి చెప్పండి. నేను నా నాలుగు టేబుళ్ల గురించి అంతకుముందు ఎవరికీ నోరు తెరిచి చెప్పి ఉండలేదు.

రెండోది ఊపిరి. మణికట్టు మీద వేలు పెట్టి నాడి చూసుకోండి. గాలి పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకోవడం చాలామందికి తెలుస్తుంది. వదిలేటప్పుడు వేగస్ నాడి గుండెకి బ్రేకు వేస్తుంది. పేరు పిలిచే ముందు రెండు మూడు నిమిషాలు, పీల్చినదానికన్నా వదిలేది ఎక్కువసేపు ఉండేలా చూసుకుంటే యాక్సిలరేటర్ కొంచెం తగ్గుతుంది. మంత్రమేం కాదు, వణుకు పూర్తిగా పోదు. లోపల బ్లాంక్ అయితే "ఒక్క నిమిషం ఆలోచించి చెప్తాను సర్" అనండి. అడిగినందుకు మార్కులు తీసేసే ఇంటర్వ్యూయర్‌ని నేను ఇప్పటిదాకా చూడలేదు.

ఇదంతా మామూలు భయం గురించి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, బతకాలనిపించకపోయినా అది ఊపిరి కసరత్తుతో పోయేది కాదు, డాక్టర్‌ని కలవాలి. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

పోయిన సీజన్‌లో మా పిన్ని కూతురు నెల్లూరు నుంచి డ్రైవ్‌కి వచ్చింది. ముందురోజు మధ్యాహ్నమే రమ్మని నేను పట్టుబట్టాను. మా రూములో చోటు లేకపోతే, నాతో పనిచేసే అమ్మాయి వాళ్ల పీజీలో ఒక రాత్రికి సర్దారు. పదింటికి పడుకుంది. ఆ ఉద్యోగం రాలేదు. "కానీ అన్నయ్యా, అడిగినవన్నీ చెప్పాను. తెలియని రెండూ తెలియవనే చెప్పాను" అంది. వచ్చే నెల ఇంకో డ్రైవ్ ఉందట. పీజీలో ఆ మంచం ఖాళీగా ఉంటుందేమో కనుక్కోమని నిన్ననే మెసేజ్ పెట్టింది.