ఆస్పత్రి వాకిలి

మన పట్టణములలో ఆస్పత్రుల బోర్డులమీద "ఇంటర్నేషనల్" అను మాట నానాటికి హెచ్చుచున్నది. చలువరాతి నేలను, నిశ్శబ్దముగ తెరచుకొను తలుపులను, విదేశములనుండి తెప్పించిన యంత్రములను చూచినవారికి ఆ పేరు తగినదే యని తోచుట సహజము. కాని బోర్డుమీది పేరు వాది దాఖలుచేసిన అర్జీవంటిది. అర్జీ యెంత చక్కగ వ్రాయబడినను సాక్ష్యము లేనిదే డిక్రీ రాదు. మా యభిప్రాయమున ఇందుకు కావలసిన సాక్ష్యములు మూడు: ఆస్పత్రి సిబ్బంది యెట్టివారు? ఆపద వచ్చిననాడు అది చేయు సేవ యెట్టిది? రోగము రాకమునుపు అది ప్రజలకు చెప్పు హితవు యేమి? ఈ మూటికిని నిదర్శనముగ జపానుదేశపు రాజధానియగు టోకియోలోని సెయింట్ లూక్స్ ఇంటర్నేషనల్ ఆస్పత్రి చరిత్రమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ఈ యాస్పత్రిని 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో రుడాల్ఫ్ టాయిస్లర్ అను అమెరికా మిషనరీ వైద్యుడు త్సుకీజీ పేటలో స్థాపించెను. 1920లోనే దానికి అనుబంధముగ నర్సుల విద్యాలయ మేర్పడెను. మూడేండ్లకు, 1923 మహాభూకంపమున, ఆస్పత్రి నాశనమయ్యెను. కట్టడము పోయినను నర్సుల విద్య పోలేదు. ఆ విద్యాలయమే పెరిగి నేడు విశ్వవిద్యాలయమైనది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా సైన్యము ఆస్పత్రి భవనమును స్వాధీనము చేసికొని 1956 వరకు ఉంచుకొనెను. భూకంపమును, పరసైన్యమును దాటి నిలిచిన సంస్థకు ఆధారము ఇటుక కాదు, శిక్షణ పొందిన మనుష్యులు. మన దేశమున యంత్రమునకు కోట్లు వెచ్చించుటకు వెనుదీయని యాజమాన్యములు నర్సు జీతము దగ్గర పైసలు లెక్కించుట మన మెరుగుదుము. మన యాడుబిడ్డలు ఆ విద్య నేర్చి గల్ఫు దేశములకును ఇంగ్లండునకును తరలిపోవుచుండుటకు కారణము వేరే వెదకనక్కరలేదు.

ఇక ఆపద మాట. 1995 మార్చి 20వ తేదీ ఉదయమున ఓం షిన్రిక్యో అను మతసంఘమువారు టోకియో భూగర్భ రైళ్లలో సారిన్ అను విషమును వదలిరి. ఆ యొక్కదినమున ఈ యాస్పత్రికి చేరినవారు 640 మంది. ఆస్పత్రి అధిపతి షిగెయాకి హినొహారా అప్పటికి 83 ఏండ్ల వృద్ధుడు. ఆనాటి మామూలు రోగుల పరీక్షలను, శస్త్రచికిత్సలను నిలిపివేయించి, వచ్చిన బాధితులందరిని లోనికి తీసికొనుడని ఆయన ఆజ్ఞాపించెను. ఆజ్ఞ యిచ్చుట సులభమే; నెరవేర్చుటకు తావు కావలెను గదా! 1945 మార్చిలో టోకియోపై జరిగిన బాంబుదాడి నాడు కాలిన శరీరములతో వచ్చినవారికి చోటు చాలకుండుట హినొహారా కన్నులార చూచియుండెను. అందుచే 1992లో క్రొత్తభవనము కట్టినప్పుడు నడవల గోడలలోను, ప్రార్థనాలయములోను సైతము ఆక్సిజను గొట్టములు అమర్పించెను. ఇది దుబారా యని ఆక్షేపించినవారును లేకపోలేదు. మూడేండ్లు తిరుగకమునుపే ఆ నడవలు వార్డులైనవి.

ఆనాడు అంతయు సక్రమముగ జరిగెనని మేము చెప్పము. బాధితుల బట్టలలో నిలిచిన విషము సిబ్బందికిని సోకెను. తరువాత విచారింపగా సుమారు 110 మంది యుద్యోగులు తమకును బాధ కలిగెనని చెప్పిరి. విషము కడుగుటకు ప్రత్యేకస్థలము లేకపోవుట, గాలి చక్కగ ఆడని ప్రార్థనాలయమున జనమును నింపుట దీనికి కారణములు. ఆ లోపమును ఆస్పత్రి వైద్యులు దాచలేదు. వైద్యపత్రికలలో తామే ప్రకటించిరి. తప్పును లోకమునకు పాఠముగ నిచ్చిన సంస్థకు అంతర్జాతీయమను పేరు చెల్లును.

సారిన్ మన కెక్కడో దూరమున నున్న విషమని పాఠకులు తలపవలదు. మన ప్రత్తిచేలలోను మిరపచేలలోను చల్లు ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందులు ఆ కుటుంబమునకు చెందినవే. టోకియోలో వాడిన అట్రోపిన్, ప్రాలిడాక్సిం అను మందులనే పురుగుమందు సోకిన రైతునకు మన జిల్లా ఆస్పత్రులలో ఇచ్చుచున్నారు. కాబట్టి ఆస్పత్రి వాకిటనే బట్టలు విప్పించి, ఒడలు కడిగించి, పరిచర్య చేయువారికి చేదొడుగులిచ్చు ఏర్పాటు మనకును అవసరమే. దీనికి కోట్లు అక్కరలేదు. ఒక నీటి కుళాయి, ఒక పాక, నేర్పిన చేతులు చాలును.

"ధనవంతుల దేశముతో మనకు పోలిక యేల?" అని కొంద రనవచ్చును. 2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజను సరఫరాకు అంతరాయము కలిగి 11 మంది రోగులు మరణించిరని ప్రభుత్వమే ప్రకటించెను. ఒకచోట ముందుచూపుతో పెట్టిన గొట్టము ప్రాణములు నిలిపెను. మరియొకచోట వేళకు రాని ట్యాంకరు ప్రాణములు తీసెను. ఈ రెంటికి నడుమనున్న భేదమును ధనముతో మాత్రమే కొలువరాదు. రేపటి యాపదను నేడు తలంచువా డొకడు అధికారమున నుండెనా లేదా యనునదే ప్రశ్న.

ఆపదలోనున్న రోగికి, ప్రభుత్వ వైద్యుడైనను ప్రైవేటు వైద్యుడైనను, వెంటనే చికిత్స చేయవలసిన విధి కలదనియు, పోలీసు కాగితములకై ఆగరాదనియు మన సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా వ్యాజ్యమున తీర్పు చెప్పెను. రుసుము తీసికొని చేయు వైద్యము వినియోగదారుల చట్టమునకు లోబడునని 1995 నవంబరులో వి. పి. శాంత వ్యాజ్యమున నిర్ణయించెను. ఇవి గొప్ప తీర్పులే. ఐనను కోర్టు జరిగిన నష్టమునకు పరిహార మిప్పింపగలదు గాని, నడిరేయి మంచము ప్రక్కన మెలకువతో కూర్చుండు నర్సును ఇప్పింపలేదు. వాకిట ముందు అడ్వాన్సు, తరువాత స్ట్రెచరు అను ఆచార మున్నంతకాలము ఆ తీర్పులు కాగితముమీదనే యుండును.

మూడవది హితవు. ఓడను కొంతకాలమున కొకసారి రేవులోని డాకుయార్డునకు చేర్చి, చెడిన పలకలను పరీక్షించుట నావికుల యలవాటు. మనుష్యశరీరమును అట్లే పరీక్షించు "నింగెన్ డాక్" అను పద్ధతి 1954లో జపానున ప్రారంభమయ్యెను. దానిని తొలుత చేపట్టిన ఆస్పత్రులలో సెయింట్ లూక్స్ ఒకటి. రక్తపోటు, మధుమేహము, గుండెజబ్బు మొదలగువానిని ఆ దేశమున "పెద్దవయసు రోగములు" అనుచుండిరి. ఇవి వయసువలన వచ్చునవి మాత్రమే కావు, దినచర్యవలన వచ్చునవి అని హినొహారా చిరకాలము వాదించెను. 1996లో అచ్చటి ఆరోగ్యశాఖ "జీవనాభ్యాస రోగములు" అను పేరును అంగీకరించెను. మాటే గదా యని త్రోసివేయరాదు. వయసువలన వచ్చునదన్న చేతులు ముడుచుకొందుము. అలవాటువలన వచ్చునదన్న ఉప్పు తగ్గింతుము, పొగ మానుదుము, నాలుగడుగులు నడుతుము. ఆయన 105 ఏండ్లు జీవించి 2017లో మరణించెను.

మన రాష్ట్రమున 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ అనేకమంది పేదలకు పెద్ద యాస్పత్రి వాకిలి తెరచినది. దానిని మేము తక్కువచేయము. ఐనను అందలి ధనములో హెచ్చుభాగము రోగము ముదిరిన పిమ్మట చేయు చికిత్సకే పోవునదిగదా! ముప్పది యేండ్లు నిండినవారికి రక్తపోటును, మధుమేహమును ఉచితముగ పరీక్షించు ఏర్పాటు మన ఆరోగ్యకేంద్రములలోనే కలదు. దానిని వినియోగించుకొనని విద్యావంతులు, గుండె నొచ్చిననాడు పట్టణమునకు పరుగెత్తి, ఇల్లు తాకట్టుపెట్టి స్టెంటు వేయించుకొనుచున్నారు. ప్రభుత్వము తప్పులు ప్రభుత్వమువే. ఈ తప్పు మాత్రము మనది.

కావున పఠనమందిరములలో గూడు మిత్రులకు మా మనవి యిది. మీ యూరి ఆస్పత్రి యేదైనను, సర్కారుదైనను, చలువరాతిదైనను, నలుగురు కలసి దాని యధికారులను దర్శించుడు. ఒక్కొక నర్సుపై రాత్రివేళ ఎందరు రోగుల భారము పడుచున్నదో అడుగుడు. ఒకేసారి నూరుమంది గాయపడి వచ్చినయెడల వారి నెచ్చట పరుండబెట్టుదురో, ఆక్సిజను ఎన్నిగంటలకు నిలువయున్నదో అడుగుడు. ఆరోగ్యముగనున్న పౌరునకు తెలుగుమాటలలో హితవు చెప్పుట కొక గదియు, ఒక మనిషియు కలరా యని అడుగుడు. ప్రత్యుత్తరములను వ్రాసికొని పఠనమందిరపు గోడకు అంటింపుడు. ఆరుమాసములు గడచిన తరువాత మరల వెళ్లి, ఏమి మారెనో చూడుడు.