ఉప్పుజాడీలోని రసాయనం

సోడియం ఒక లోహం. చాకుతో కోస్తే తెగేటంత మెత్తనిది. కాని నీటిలో పడితే బుసకొడుతూ అంటుకుంటుంది. అందువలన ప్రయోగశాలలలో దానిని కిరోసిన్‌లో ముంచి భద్రపరుస్తారు. క్లోరిన్ ఒక వాయువు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర పట్టణం వద్ద జర్మన్ సైన్యం దానిని వదిలినప్పుడు కందకాలలోని సైనికులు ఊపిరాడక ప్రాణాలు విడిచారు. ఈ రెండింటి కలయికతో ఏర్పడిన పదార్థాన్ని మనం ప్రతిదినం పప్పులోనూ పులుసులోనూ వేసుకుని తింటున్నాం. అదే ఉప్పు.

ఇంతటి మార్పుకు కారణం పరమాణువు వెలుపలి అంచున ఉన్నది. ప్రతి పరమాణువుకూ మధ్యన ఒక కేంద్రకం, దాని చుట్టూ పొరలు పొరలుగా ఎలక్ట్రాన్లు ఉంటాయి. సోడియంకు ఉన్నవి పదకొండు: లోపలి పొరలో రెండు, తరువాతి దానిలో ఎనిమిది, అన్నిటికంటె వెలుపల ఒంటరిగా ఒకటి. క్లోరిన్‌కు పదిహేడు: రెండు, ఎనిమిది, ఏడు. వెలుపలి పొరలో ఎనిమిది ఉంటే పరమాణువు నిలకడగా ఉంటుంది. ఒకదానికి ఒకటి ఎక్కువ, మరొకదానికి ఒకటి తక్కువ. సోడియం ఇస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. కేంద్రకాలు రెండూ చెక్కుచెదరవు. చేతులు మారినది ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే. రసాయనిక చర్య అంటే సారాంశంలో ఇంతే: వెలుపలి ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోలు, లేదా ఉమ్మడి కాపురం. క్లోరిన్ క్లోరైడ్ అవుతుంది. పేరులో మార్పు స్వల్పం. కాని మొదటిది ఊపిరి తీస్తుంది, రెండవది మన రక్తంలోనే ఉన్నది.

క్లోరిన్ కుటుంబంలోనిదే అయోడిన్. దాని ఎలక్ట్రాన్లు యాభైమూడు. అయినా వెలుపలి పొరలో ఏడే. 1811లో ఫ్రాన్సులో బెర్నార్ కూర్త్వా అనే సురేకార తయారీదారు సముద్రపు నాచు బూడిదలో గంధకామ్లం కాస్త ఎక్కువగా పోయగా ఊదారంగు ఆవిరి పైకి లేచింది. ఆ రంగుకు గల గ్రీకు మాటే ఈ మూలకానికి పేరైంది.

మనిషికి దినానికి కావలసిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. ఆవగింజంతైనా కాదు. అది లేకపోతే కంఠంలోని థైరాయిడ్ గ్రంథి వాచి గాయిటర్ అవుతుంది. కంటికి కనబడే ఆ వాపుకంటె కనబడని కీడు ఘోరమైనది: తల్లికి అయోడిన్ బాగా కొరవడితే గర్భంలోని శిశువు మెదడు సరిగా ఎదగదు. హిమాలయ పాదభూములలో యుగాలుగా వానలు, హిమానీనదాలు నేలలోని అయోడిన్‌ను కడిగివేశాయి. అక్కడి పంటలోనూ నీటిలోనూ అది తగినంత లేదు.

ఉప్పులో కలిపితే సరి. అయితే ఏ రూపంలో కలపాలి? స్విట్జర్లాండ్, అమెరికా 1920లలోనే అయోడైడ్ కలపసాగాయి. వారి ఉప్పు శుభ్రమైనది, పొడిది. మనది ఉప్పుమడులలో ఆరి, గోతాలకెక్కి, వానకు తడుస్తూ రైలుపెట్టెలలో ప్రయాణించిన ఉప్పు. అటువంటి తేమలో గాలిలోని ఆక్సిజన్ అయోడైడ్ వద్దనున్న అదనపు ఎలక్ట్రాన్‌ను లాగివేస్తుంది. అయోడైడ్ తిరిగి అయోడిన్ అవుతుంది, ఆవిరై పోతుంది. బస్తా చేరుతుంది, మందు చేరదు. అయోడేట్ సంగతి వేరు. అందులో అయోడిన్ పరమాణువును మూడు ఆక్సిజన్ పరమాణువులు ముందే పట్టుకుని ఉంటాయి. ఇక గాలి తేలికగా గుంజుకునేది ఏమీ మిగలదు.

దీనిని జనం మధ్య పరీక్షించినవారిలో ముఖ్యుడు శ్రీకాకుళంలో 1921లో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1956లో నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో సహచరులతో కలసి ఆయన అధ్యయనం ఆరంభించారు. లోయను మూడు మండలాలుగా విభజించి, ఒకదానికి అయోడైడ్ ఉప్పు, ఒకదానికి అయోడేట్ ఉప్పు, మూడవదానికి మామూలు ఉప్పు అందించారు. కొన్నేళ్ళకు మొదటి రెండింటిలో గాయిటర్ బాగా తగ్గింది, మూడవదానిలో తగ్గలేదు. 1962లో జాతీయ గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. మన దేశం ఎన్నుకున్నది అయోడేట్‌నే. నేడు ఉప్పు పొట్లం వెనుక చిన్న అక్షరాలలో కనబడే పొటాషియం అయోడేట్ ఇదే.

గాలి తీయలేని ఆ పట్టును మన శరీరం సడలించగలదు. జీర్ణకోశంలో అయోడేట్ అయోడైడ్‌గా మారుతుంది. రక్తం దానిని థైరాయిడ్‌కు చేరవేస్తుంది. ఆ గ్రంథి దానినుండి ఎలక్ట్రాన్‌ను తొలగించి హార్మోనులో అమరుస్తుంది. ఒక్క థైరాక్సిన్ అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి.

దుకాణంలో అమ్మే ఉప్పులో పదిలక్షల వంతులకు కనీసం 15 వంతుల అయోడిన్ ఉండాలని నిబంధన. అంటే పది గ్రాముల ఉప్పులో సరిగ్గా ఆ 150 మైక్రోగ్రాములు. లెక్క ఇంత దగ్గరిది కనుక అజాగ్రత్తకు చోటు లేదు. మూతలేని జాడీ, పొయ్యి పక్కన తడి గట్టు, ఎంత గట్టి అయోడేట్‌నైనా కొంత కొంత పోగొడతాయి. ఈమధ్య సహజమైనదంటూ ఎక్కువ ధరకు కొనే సైంధవలవణంలో, పొట్లంపై ప్రత్యేకంగా వ్రాసి ఉంటే తప్ప, అయోడిన్ కలిపి ఉండదు. సహజమైన ఉప్పు తింటూనే కదా కాంగ్రా లోయ అవస్థ పడింది!

ఆరోగ్య కార్యకర్తల వద్ద ఒక చిన్న సీసా ఉంటుంది. అందులో గంజిపిండి, ఆమ్లం, కాస్త అయోడైడ్. చెంచాడు ఉప్పుపై ఒక చుక్క వేస్తే, ఉప్పులోని అయోడేట్ చుక్కలోని అయోడైడ్‌నుండి ఎలక్ట్రాన్లు పుచ్చుకుంటుంది. రెండూ అయోడిన్‌గా మారి, పిండిని తాకగానే నీలి ఊదారంగు తేలుతుంది. ఉప్పు తెల్లగానే ఉండిపోతే ఆ ఇంట జాడీ మార్చవలసి ఉంటుంది. గర్భిణి ఉన్న ఇల్లయితే ఆ రోజే.