దారి తప్పితే చెవినీ చూడండి
పెద్దాయన తెలిసిన వీధిలోనే దారి తప్పితే మతిమరుపు జబ్బేనని ఇంటిల్లిపాదీ తీర్మానించేస్తారు. తల స్కానింగ్‌కు పరుగెడతారు. చెవి సంగతి ఎవరికీ తట్టదు. లోపలి చెవిలోని మూడు అర్ధవృత్తాకార నాళాలు తల ఎటు తిరిగిందో, రెండు చిన్న సంచులు తల వాలునూ వేగంలో మార్పునూ పసిగడతాయి. ఆ కబురు మెదడులోని హిప్పోక్యాంపస్‌కూ చేరుతుంది. స్థలాలనూ దారులనూ గుర్తుపెట్టుకోవడంలో దానిదే పెద్దపాత్ర. ఆ కబురు మోసే సమతౌల్య నాడులు రెండు చెవుల్లోనూ పోయిన పదిమందిని జర్మనీ వైద్యుడు థామస్ బ్రాంట్ బృందం పరీక్షించి, 2005లో ఫలితాలు ప్రకటించింది. వారి హిప్పోక్యాంపస్ దాదాపు 17 శాతం కుదించుకుపోయింది. కంప్యూటర్ తెరమీది కొలనులో దాగిన దిమ్మెను వెతకడంలో తడబడ్డారు. తక్కిన జ్ఞాపకశక్తి మాత్రం చెక్కుచెదరలేదు. నాకు ముఖ్యమనిపించేది ఈ చివరి మాటే: దారి తప్పినంత మాత్రాన మతిమరుపు జబ్బే కానక్కర్లేదు. ఒక్క చెవే దెబ్బతిన్నవారిలో ఇలాంటి కుదింపు కనబడలేదు గనుక, ప్రతి మతిమరుపునూ చెవికి అంటగట్టమనను. కానీ చెవి లోపానికి గుర్తు కావచ్చని తట్టక, కళ్లు తిరుగుతున్నాయంటే పైత్యమనో నీరసమనో ఓ మాత్రతో సరిపెట్టేస్తున్నాం. జ్ఞాపకశక్తి పరీక్షలతోపాటు సమతౌల్య పరీక్ష కూడా చేయమని డాక్టర్ని అడగాలి. జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్ ఇంజెక్షన్లు పడినవారి విషయంలో మరీనూ: ఆ మందు వినికిడి బాగానే ఉండగా సమతౌల్యాన్ని దెబ్బతీయగలదు.