నదీజలాలలో యాంటీబయాటిక్ నిరోధకత

మురుగునీరు, ఔషధ పరిశ్రమల వ్యర్థాలు, చేపల చెరువుల నీరు కలిసినచోట బాక్టీరియా మందులకు లొంగని శక్తిని పొందడాన్ని నదీజలాలలో యాంటీబయాటిక్ నిరోధకత అంటారు. తెలుగునాట దీనికి ప్రపంచ ప్రసిద్ధి చెందిన ఉదాహరణ పటాన్‌చెరు. కొల్లేరు ప్రాంతంలోనూ ఇందుకు అనువైన పరిస్థితులు కలవు.

నిరోధకత పెరిగే విధానం

నీటిలో యాంటీబయాటిక్ స్వల్పంగా ఉన్నప్పటికీ, దానికి లొంగే బాక్టీరియా తగ్గి, తట్టుకొనేవి వృద్ధి చెందుతాయి. ఒక జాతి బాక్టీరియా తన నిరోధక జన్యువులను మరొక జాతికి అందించగలదు. కావున హాని చేయని బాక్టీరియా నుండి కూడా రోగకారక బాక్టీరియాకు ఈ లక్షణం సంక్రమించవచ్చును.

పటాన్‌చెరు ఉదంతం

మెదక్ జిల్లాలోని (ప్రస్తుతం సంగారెడ్డి జిల్లా) పటాన్‌చెరు వద్ద సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను ఒకే కేంద్రంలో శుద్ధి చేసేవారు. ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల ద్వారా మంజీరకు, అక్కడి నుండి గోదావరికి చేరేది. స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించిన పరిశోధనలో, శుద్ధి చేసిన తరువాత కూడా ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు తేలినది. మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కన్న ఇది ఎక్కువ. దిగువన వాగుల అడుగు మట్టిలో నిరోధక జన్యువులు అధికంగా ఉన్నట్లు 2011లో మరొక పరిశోధన వెల్లడించినది.

కొల్లేరు ప్రాంతం

బుడమేరు, తమ్మిలేరులతో పాటు పట్టణాల మురుగు, చేపల చెరువుల నీరు కొల్లేరులో కలుస్తాయి. బయటకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే మార్గము. 1999లో అభయారణ్యంగా ప్రకటించబడిన ఈ సరస్సు 2002లో రామ్‌సర్ జాబితాలో చేరినది. 2006లో సరస్సులోని అక్రమ చెరువుల గట్లను తెగగొట్టారు. కాని తరువాత ఆక్రమణలు మరల మొదలైనవి. మనుషుల మురుగులోని బాక్టీరియా, చెరువులలో వాడే మందులు ఒకేచోట కలియుటయే ఇక్కడి ప్రమాదము.

చట్టాలు

క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్‌లను చేపలు, రొయ్యల పెంపకంలో నిషేధించారు. ఆహారానికి పెంచే జీవాలలో కొలిస్టిన్ వాడకాన్ని 2019లో నిషేధించారు. పరిశ్రమల వ్యర్థజలాలలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు విధిస్తూ కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ముసాయిదా వెలువరించినది. అయితే 2021 నాటి తుది ఉత్తర్వులో ఆ పరిమితులు లేవు.

పరీక్షల లోపము

భారత ప్రమాణాల ప్రకారం 100 మిల్లీలీటర్ల తాగునీటిలో ఈ.కోలి ఉండరాదు. ఈ పరీక్ష బాక్టీరియా ఉనికిని మాత్రమే తెలుపుతుంది. అది మందుకు లొంగునో లేదో తెలుపదు. నిరోధకత గల బాక్టీరియా సైతం నీరు మరగకాచినచో నశించును. కాని మరగకాచుట ఇంటి రక్షణ మాత్రమే. నదికి రక్షణ వ్యర్థాలను పుట్టినచోటనే అరికట్టుట.