విండోస్ 10 తర్వాత లినక్సా? ముందు తెలుగు టైపు చేసి చూడండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ప్రాసెసర్ కూడా దాదాపు 2018 తర్వాతిదై ఉండాలి. నిక్షేపంగా పనిచేస్తున్న పాత కంప్యూటర్లు చాలా ఈ షరతుల దగ్గరే ఆగిపోయాయి. వాటికి మిగిలిన దారుల్లో లినక్స్ ఒకటి. అయితే ఏ లినక్స్? ఉబుంటు, మింట్, డెబియన్, ఫెడోరా, ఆర్చ్... నెలకొకటి మార్చి చూడటం నగరంలో సరదా కావచ్చు.

ఛత్తీస్‌గఢ్‌లో, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న బీజాపూర్ జిల్లా తర్లగూడ లాంటి చోట లెక్క వేరు. అక్కడ ఇంట్లో తెలుగు, కార్యాలయంలో హిందీ. కంప్యూటర్ రెంటినీ మోయాలి. నెట్ అంతంతమాత్రమైన చోట తరచూ భారీ అప్‌డేట్లు అడిగే ఆర్చ్ లాంటివి భారమే. డెబియన్ 13కు, ఉబుంటు 24.04కు అయిదేళ్ల మద్దతు ఉంది. కొత్త హంగులు ఆలస్యంగా వస్తాయి, అంతే. నన్నడిగితే అది లోపం కాదు.

నిజానికి వాడేవాళ్లకు రోజూ కనిపించేది డిస్ట్రో కాదు, డెస్క్‌టాప్. 4 జీబీ ర్యామ్ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే తేలిగ్గా నడుస్తాయి. విండోస్ అలవాటున్నవారికి సినమన్, కేడీఈ ప్లాస్మా కొత్తగా అనిపించవు. తెలుగు దగ్గరకొస్తేనే తేడా బయటపడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎందులోనైనా లేఅవుట్‌గా చేర్చుకోవచ్చు. ఆర్‌టీఎస్, యాపిల్ పద్ధతుల్లో టైపు చేసేవారికి మాత్రం ఐబస్ లాంటి సాధనం తప్పనిసరి. గ్నోమ్‌లో అది కలిసే వస్తుంది. మిగతావాటిలో చాలావరకు మనమే అమర్చుకోవాలి. చాలామంది విసుగెత్తి వెనక్కి వెళ్లిపోయేది ఇక్కడే. కాబట్టి ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, నాలుగు తెలుగు వాక్యాలు, రెండు హిందీ వాక్యాలు కొట్టి చూడటం మేలు.

కేరళ బడులు 2000ల దశకంలోనే లినక్స్ బాట పట్టాయి. మొదట డెబియన్ ఆధారంగా, తర్వాత ఉబుంటు ఆధారంగా తమ సొంత రూపం తయారుచేసుకున్నాయి. అడుగున పునాది మారినా చదువు ఆగలేదు. ఉపాధ్యాయులకు శిక్షణ, దానికి తగ్గ పాఠ్యపుస్తకాలు ఉండటమే కారణం. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ కూడా సొంత లినక్స్‌తో సుమారు 15 వేల కంప్యూటర్లు నడిపింది. అయినా 2017లో విండోస్‌కు తిరిగి వెళ్లాలని తీర్మానించింది. రాజకీయ మద్దతు సడలితే మంచి డిస్ట్రో ఒక్కటే నిలబెట్టలేదు. మన దగ్గర హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. బడుల స్థాయిలో కేరళలా దాన్ని అందిపుచ్చుకున్న ప్రభుత్వం లేకపోయింది.

అసలు చిక్కుముడి డీటీపీ సెంటర్లలో ఉంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లతో ఏళ్లుగా పేరుకున్న ఫైళ్లు యూనికోడ్‌లో లేవు. హిందీలో కృతిదేవ్ కథా అంతే. కాకపోతే కృతిదేవ్ ఫాంటును లినక్స్‌లో వేసుకుంటే పాత పత్రం కనీసం కనిపిస్తుంది. అనుతో టైపు చేయడానికి వాడే సాఫ్ట్‌వేర్ విండోస్‌ది. అలాంటి ఫైళ్లున్నవారు వాటిని యూనికోడ్‌లోకి మార్చుకుని, సరిచూసుకునేదాకా పాత విండోస్‌ను నెట్‌కు కలపకుండా పక్కన ఉంచుకోక తప్పదు.