నెట్ ఆగితే రైతు హక్కు ఆగకూడదు

"మీ దగ్గర వస్తోందా?" ఒకప్పుడు ఊళ్లో ఈ ప్రశ్న కరెంటు గురించో, కాలువ నీళ్ల గురించో అడిగేవాళ్లు. ఇప్పుడు నెట్ గురించి అడుగుతున్నారు. ఇంట్లో సిగ్నల్ ఉండదు. మేడ మీదికెక్కితే రెండు గీతలు, చెరువు కట్ట మీదికి పోతే మూడు గీతలు. రాత్రి ఏడు దాటి ఊరంతా ఫోన్లు పట్టుకుంటే గీతలున్నా పేజీ తెరుచుకోదు. కరెంటు పోయి బ్యాటరీ అయిపోతే టవర్ కూడా మూగబోతుంది. కేబుల్ నెట్ పెట్టించుకున్న వాళ్ల పరిస్థితీ అంతే. గాలివానకు వైరు తెగితే ఎప్పుడు అతుకుతారో చెప్పేవాడు ఉండడు. నెల బిల్లు మాత్రం తప్పదు.

ఇదంతా సినిమాలు చూసే పిల్లల గొడవ అని కొందరు అధికారులు తేలిగ్గా తీసేస్తున్నారు. ఆ మాట పదేళ్ల కిందట అంటే చెల్లేదేమో. ఈరోజు రైతుకు రావాల్సిన ప్రతిదీ ఫోన్లో నుంచే రావాలని చేసింది ప్రభుత్వాలే. పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చే 6,000 రూపాయలకు ఈ-కేవైసీ తప్పనిసరి. ఓటీపీ ఆలస్యంగా వస్తే అది చెల్లదు, మళ్లీ మొదటికి. ఉపాధి హామీ పనుల దగ్గర రోజుకు రెండుసార్లు ఫొటో తీసి యాప్‌లో హాజరు వేయాలన్న నిబంధనను 2023 జనవరి 1 నుంచి అన్ని పనిచోట్లకూ పెట్టారు. ఎండలో మట్టి తవ్విన కూలీ, ఫొటో ఎక్కలేదన్న కారణంతో ఆ రోజు కూలి పోగొట్టుకునే స్థితి వచ్చింది.

పత్తి సంగతి చూద్దాం. 2025-26 సీజన్‌లో సీసీఐకి పత్తి అమ్మాలంటే 'కపాస్ కిసాన్' యాప్‌లో పేరు నమోదు చేసుకుని స్లాటు పట్టుకోవాలన్నారు. పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధర ఎవరికి దక్కింది? స్లాటు దొరికిన వాళ్లకు. స్లాట్లు తెరిచిన వేళకు నెట్ బాగున్న పట్నంలో కూర్చున్న వాడికి ఒక వేలితో అయ్యే పని, మన ఊళ్లో గంట తిరిగినా కాదు. ఇంట్లో పత్తి నిల్వ పెట్టుకోలేక, అప్పు వాళ్ల ఒత్తిడి తట్టుకోలేక బయట వ్యాపారికి క్వింటాలుకు వెయ్యి రూపాయలు తక్కువకు ఇచ్చినా, ఇరవై క్వింటాళ్ల మీద ఇరవై వేలు పోయినట్టే. అంటే సిగ్నల్ లేనందుకు రైతు కట్టిన జరిమానా అది. పత్తిలో తేమ 12 శాతం దాటితే కొనరని రైతుకు తెలుసు, దానికి ఆరబెట్టుకుంటాడు. సిగ్నల్‌ను ఎక్కడ ఆరబెట్టుకోవాలి?

ఇంటర్నెట్ కోసం ప్రభుత్వాలు ఏమీ చేయలేదని మేం అనడం లేదు. ప్రతి పంచాయతీకీ ఫైబర్ వేయాలన్న పథకానికి కేంద్రం 2011లోనే ఆమోదం ఇచ్చింది. దాన్నే తర్వాత భారత్‌నెట్ అన్నారు. 2023 ఆగస్టులో మరో 1.39 లక్షల కోట్లు కేటాయించారు. ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగారు, మొదట్లో నెలకు 149 రూపాయలకే ఇంటికి నెట్ అన్నారు. తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే ఫైబర్ గొట్టాలూ వేశారు. కానీ పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన వైరు మన గడప దాకా రావడం, వచ్చింది రోజూ పనిచేయడం వేరే సంగతులు. ప్రధాన కాలువ తవ్వి పిల్ల కాలువలు వదిలేస్తే చివరి ఆయకట్టుకు నీళ్లు పారతాయా? ఇదీ అంతే.

నెట్ సరిగ్గా వచ్చే దాకా పోరాడదాం. దానికి ఏళ్లు పట్టొచ్చు. అప్పటిదాకా నెట్ రాని నష్టం ఎవరు భరించాలన్నదే ఈరోజు అసలు ప్రశ్న. ఇప్పుడు రైతే భరిస్తున్నాడు. యాప్ పెట్టింది వాళ్లు, గడువు పెట్టింది వాళ్లు, టవర్లకు అనుమతులిచ్చింది వాళ్లు. సర్వర్ పడిపోతే "రేపు రండి" అన్న మాట మాత్రం మనకు. ఆ రేపటికి బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి, కేంద్రంలో కట్టే రుసుము అన్నీ మన జేబులోంచే.

మనం అడుగుతున్నది కొత్తదేమీ కాదు. ఆధార్ సంస్థే 2017 అక్టోబర్ 24న ఒక ఉత్తర్వు ఇచ్చింది. నెట్ లేకపోయినా, వేలిముద్ర పడకపోయినా లబ్ధిదారుణ్ణి వెనక్కి పంపకూడదు, కార్డు చూసి రిజిస్టర్‌లో రాసుకుని సరుకు ఇవ్వాలి అన్నది దాని సారాంశం. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, ఈ-కేవైసీ వల్ల దివ్యాంగులు పడుతున్న ఇబ్బందుల కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. పల్లెల్లో ఉన్నవాళ్లూ వెనకబడి పోకూడదని అందులో గుర్తు చేసింది. రేషన్‌కు కాగితం చెల్లినప్పుడు పంటకు ఎందుకు చెల్లదు?

అందుకే మన డిమాండ్లు ఇవి:

1. గడువు ఉన్న ప్రతి యాప్‌కూ కాగితం దారి ఉండాలి. వ్యవసాయ విస్తరణాధికారి దగ్గర గానీ, పంచాయతీలో గానీ దరఖాస్తు తీసుకుని తేదీ, సమయం వేసి రసీదు ఇవ్వాలి. ఆ తేదీనే లెక్కలోకి తీసుకోవాలి.

2. సర్వర్ గానీ, నెట్‌వర్క్ గానీ ఎన్ని రోజులు పడిపోతే గడువు అన్ని రోజులు దానంతట అదే పెరగాలి. రైతు అర్జీ పెట్టుకోవాల్సిన పని ఉండకూడదు.

3. కొనుగోలు స్లాట్లలో కొంత భాగం నేరుగా వచ్చే చిన్న, కౌలు రైతులకు విడిగా ఉంచాలి.

4. పంచాయతీ దాకా వచ్చిన ఫైబర్‌తో గ్రామంలో అందరూ వాడుకునే ఉచిత వైఫై పెట్టాలి. కరెంటు పోయినా నడిచేలా బ్యాటరీ ఉండాలి.

డిమాండ్లు పెట్టి చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. నెట్ రద్దీ తక్కువగా ఉండే తెల్లవారుజామున నమోదు పని పెట్టుకోండి. చివరి రోజు దాకా ఆగొద్దు. పేజీ తిరుగుతూ ఆగిపోతే, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్ ఫొటో తీసి దాచుకోండి. రేపు అధికారి ముందు అదే మీ సాక్ష్యం. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. వాళ్లు పరిష్కరించకపోతే ఆ కంపెనీలోనే ఉన్న అప్పీలు అధికారికి పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు చేయొచ్చు. ట్రాయ్ వారి 'మై స్పీడ్' యాప్‌తో మీ ఇంట్లో వేగం ఎంతో కొలవండి. 2023 నుంచి సెకనుకు కనీసం 2 మెగాబిట్లు వస్తేనే బ్రాడ్‌బ్యాండ్ అనాలి. అంతకన్నా తక్కువ ఇస్తూ బ్రాడ్‌బ్యాండ్ బిల్లు వేస్తుంటే అడగండి. ఏ ఊళ్లో సిగ్నల్ ఉందో చూపే మ్యాపులను కంపెనీలు తమ వెబ్‌సైట్లలో పెట్టాలన్న నియమం కూడా వచ్చింది. మ్యాపులో మన ఊరికి రంగు వేసి ఉండి, ఊళ్లో సిగ్నల్ లేకపోతే అది రాతపూర్వకంగా పట్టుకోవాల్సిన అబద్ధం.

ఒక్కరు చేస్తే అది ఫిర్యాదు, ఊరంతా చేస్తే అది లెక్క. ప్రతి గ్రామ శాఖా ఈ నెలలో ఒక నోటు పుస్తకం పెట్టాలి. ఏ రోజు, ఏ పనికి, ఎంతసేపు నెట్ రాలేదు, దాని వల్ల ఎవరికి ఎంత నష్టం జరిగింది అని అందులో రాయాలి. ఫోన్ వాడటం రాని పెద్దవాళ్ల దగ్గరికి చదువుకున్న పిల్లలు వెళ్లి రాయించాలి. ఆ పుస్తకాన్ని గ్రామసభలో చదివి తీర్మానం చేసి, మండలానికీ, కలెక్టరుకూ ఇవ్వాలి. నకలు మన సంఘం జిల్లా కార్యాలయానికి పంపాలి.

ఫోన్ వద్దని మనం అనడం లేదు. ధర తెలుసుకోవడానికీ, వాన కబురు వినడానికీ, పిల్లల చదువుకూ అది కావాలి, ఇంకా బాగా కావాలి. కానీ పంట పండించడం రైతు బాధ్యత, దారి చూపించడం ప్రభుత్వ బాధ్యత. ఆ దారి ఫోన్లో మూసుకుపోయిన రోజు ఆఫీసు తలుపు తెరిచి ఉండాలి.