తెలియజెప్పుటయు చికిత్సలో భాగమే

నొప్పిని నోరు మెదపక ఓర్చుకొనుట మంచి రోగి లక్షణమని మనలో పెక్కుమంది తలంతురు. పెద్ద శస్త్రచికిత్స జరిగిన పిదప ఈ తలంపు మేలుకంటె కీడునే ఎక్కువగా చేయును. పొట్టమీదనో, రొమ్ముమీదనో పెద్ద కోత పడినవాడు నొప్పికి వెరచి నిండుగా ఊపిరి తీయడు, దగ్గడు, మంచము దిగడు. అందుచేత ఊపిరితిత్తులలో కఫము నిలిచి న్యుమోనియా రావచ్చును. కాళ్ల సిరలలో రక్తము గడ్డకట్టవచ్చును. కావున నొప్పిని అణచుట రోగి సుఖము కొరకే కాదు, అతడు త్వరగా కోలుకొనుట కొరకు కూడ.

ఇందుకు గల మంచి సాధనములలో ఎపిడ్యూరల్ ఒకటి. నడుము భాగమున దీనిని ప్రయోగించు విధమును 1921లో స్పెయిన్ దేశపు సైనిక వైద్యుడు ఫిడెల్ పాహెస్ ప్రకటించెను. వెన్నుపామును కప్పియున్న పొరకు వెలుపల సన్నని గొట్టము నుంచి, దాని ద్వారా బ్యూపివకెయిన్ వంటి తిమ్మిరి మందును, ఫెంటనిల్ వంటి నొప్పి మందును కొద్దికొద్దిగా రెండు మూడు దినములు ఎక్కింతురు. రోగి మెలకువతోనే యుండును. కోత నొప్పి మాత్రము తగ్గును.

అయితే ఇతర మందులవలెనే దీనికిని అవాంఛిత ఫలితములు కలవు. రక్తపుపోటు తగ్గి తల తిరుగవచ్చును. మూత్రము బిగిసి గొట్టము వేయవలసి రావచ్చును. దురద, వికారము, వణకు కలుగవచ్చును. కొందరికి మందు ఒక వైపుననే పనిచేయును. సూది వలన లోపలి పొరకు చిల్లుపడినచో, కూర్చున్నపుడు హెచ్చి పండుకొన్నపుడు తగ్గు తలనొప్పి వచ్చును. ఇది సుమారు నూటికి ఒకరికి కలుగును. నొప్పి మందు ఎక్కువైనచో మగత హెచ్చి శ్వాస మందగించును. ఇది అరుదు, కాని ఉపేక్షింపరానిది. సకాలమున గమనించినచో వీనిలో చాలవరకు మందు తగ్గించుటచేతను, తగిన చికిత్సచేతను సర్దుకొనును.

వెన్నున సూది పడినచో జన్మాంతము నడుము నొప్పి తప్పదను భయము ఊరూర వినవచ్చును. సూది గ్రుచ్చిన చోట కొన్ని దినములు నొప్పి యుండుట నిజమే. కాని కాన్పు సమయమున ఎపిడ్యూరల్ పొందిన స్త్రీలను పరిశీలించిన పరిశోధనలలో, దీర్ఘకాలపు నడుము నొప్పికి అది కారణమని తేలలేదు.

నిజముగా భయపడవలసినది వేరొకటి కలదు. గొట్టము పెట్టినచోట రక్తము గడ్డకట్టియో, చీము పట్టియో వెన్నుపామును నొక్కవచ్చును. ఇట్టివి మిక్కిలి అరుదు. బ్రిటన్ మత్తువైద్యుల రాయల్ కాలేజి 2009లో ప్రకటించిన జాతీయ పరిశీలన ప్రకారము, శస్త్రచికిత్సకై ఎపిడ్యూరల్ పొందిన లక్షమందిలో సుమారు 8 నుండి 17 మందికి శాశ్వతమైన హాని కలిగెను. అరుదైనను, ఆలస్యమైనచో కాళ్లు శాశ్వతముగా పడిపోవచ్చును. గడ్డను 8 నుండి 12 గంటలలోపల తొలగించినపుడే శక్తి తిరిగివచ్చు అవకాశము ఎక్కువ.

మందు ఎక్కుచుండగా కాళ్లు కొంత తిమ్మిరెక్కుట సహజము. కాని కాలు కదల్చు శక్తి గంట గంటకు తగ్గుచున్నను, మందు ఆపిన 4 గంటలకును తిరిగి రాకున్నను, అది ప్రమాద సూచన. వెంటనే వైద్యుని పిలిపింపవలెను, ఎం.ఆర్.ఐ. పరీక్ష అవసరము కావచ్చును.

ఈ సూచనను ముందుగా చూచువారెవరు? మన ఆసుపత్రులలో ఒక్కొక్క నర్సు పెక్కుమంది రోగులను చూడవలసి యున్నది. రాత్రియెల్ల మంచము ప్రక్కన మేలుకొని యుండునది తల్లియో, భార్యయో, కొడుకో. ఏది సహజమో, ఏది ప్రమాదమో వారికి ముందుగా ఎవరును చెప్పనిచో, “మందు ప్రభావము కాబోలు” అని ఊరకుందురు. తెల్లవారుసరికి విలువైన గంటలు గడచిపోవును.

అపాయములను చెప్పినచో రోగి బెదరి చికిత్సనే వలదనునని కొందరు వైద్యులందురు. ఈ వాదమును పూర్తిగా త్రోసివేయలేము. అయినను చెప్పకుండుట వలన భయము పోదు; వదంతులు ఆ చోటును ఆక్రమించును. చికిత్స స్వభావము, లాభములు, ముఖ్యమైన అపాయములు, ఇతర మార్గములు రోగికి తెలిపిన పిదపనే సమ్మతి పొందవలెనని 2008లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తనకు రాని భాషలోని కాగితముపై వేలిముద్ర వేయించుట అట్టి సమ్మతి కానేరదు. రోగి భాషలో పది నిమిషములు మాటలాడుట వైద్యుని దయ కాదు, విధి.

రోగియు తన వంతు చేయవలెను. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తము గడ్డకట్టనీయని మందులు వాడుచున్నచో ముందుగానే చెప్పవలెను. సూది వేయునపుడును, గొట్టము తీయునపుడును రక్తస్రావమునకు ఇవి కారణము కాగలవు. అయితే తనంతట తాను వానిని మానరాదు. ఇంటికి వచ్చిన పిదప జ్వరముతో కూడిన వెన్నునొప్పి గాని, కాళ్ల బలహీనత గాని, మూత్రము పట్టు తప్పుట గాని కలిగినచో, వారములు గడచినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఈ నాలుగు మాటలు ఆసుపత్రి విడుచునపుడిచ్చు కాగితముపై తెలుగులో వ్రాసియిచ్చుటకు పెద్ద వ్యయము కాదు. అట్లు వ్రాసి ఇవ్వనిచో, అడిగి వ్రాయించుకొనుడు.